సంధిపత్రంలో లేని సంతకాలు

జీవితమంతా చరిత్ర పాఠం చెప్పిన మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచిన ధర్మనిధి కమిటీకి కృతజ్ఞతలు. ఈ ఏడు 1898 నాటి స్పెయిన్–అమెరికా యుద్ధం గురించి మాట్లాడతాను. నాలుగు నెలలైనా నిండని ఆ యుద్ధంతో నాలుగు వందల ఏళ్ల సామ్రాజ్యం కూలింది, కొత్తదొకటి లేచింది. ఆ రెంటి మధ్య నలిగినవారి వైపు నుంచి చూడాలని నా ప్రయత్నం.

స్పెయిన్ మీద తిరుగుబాటు అమెరికా రాకముందే మొదలైంది. క్యూబా 1895లో తిరగబడింది. కవి హోసే మార్తీ ఆ ఏడే యుద్ధభూమిలో నేలకొరిగాడు. స్పెయిన్ సైన్యం పల్లెజనాన్ని శిబిరాల్లోకి తోలితే ఆకలికీ జబ్బులకూ లక్షకు పైగా చనిపోయారు. స్పెయిన్ ఏలుబడిలోనే ఉన్న ఫిలిప్పీన్స్‌లో, మనీలాలో, నవలాకారుడు, వైద్యుడు హోసే రిసాల్‌ను 1896 డిసెంబరు 30న కాల్చి చంపారు.

1898 ఫిబ్రవరి 15న హవానా రేవులో అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలి 260 మందికి పైగా మరణించారు. ఆ పని స్పెయిన్‌దేనని పత్రికలు హోరెత్తించాయి. దానికి రుజువు ఈనాటికీ లేదు. బొగ్గు గదిలో రాజుకున్న నిప్పే కారణం కావచ్చని 1976లో అమెరికా నౌకాదళ అడ్మిరల్ రికోవర్ జరిపించిన పరిశీలన తేల్చింది. ఏప్రిల్‌లో యుద్ధం వచ్చింది. మే 1న మనీలా అఖాతంలో అమెరికా నౌకాసేనాని డ్యూయీ నౌకలు స్పెయిన్ నౌకాదళాన్ని ఒక్క పూటలో తుడిచిపెట్టాయి.

ఆగస్టు 13న మనీలాలో జరిగింది కాస్త దగ్గరగా చూడాలి. అప్పటికే ఫిలిప్పీనో తిరుగుబాటు నాయకుడు అగినాల్డో జూన్ 12న స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఆయన సేనలు నగరాన్ని చుట్టుముట్టి ఉన్నాయి. స్పెయిన్ అధికారులు ఫిలిప్పీనోలకు లొంగడం నామర్దా అనుకున్నారు. అమెరికన్లకేమో నగరం తమ చేతికే రావాలి. బెల్జియం కాన్సుల్ మధ్యవర్తిగా నిలిచి ఇద్దరికీ రాజీ కుదిర్చాడు. పరువు దక్కేలా కోట మీద కాసేపు గుండ్లు పడతాయి, ఆపైన తెల్లజెండా లేస్తుంది. అలాగే జరిగింది. ముట్టడించిన ఫిలిప్పీనోలను మాత్రం నగరంలోకి రానివ్వలేదు. ముందురోజే వాషింగ్టన్‌లో యుద్ధవిరమణ మీద సంతకాలయ్యాయి. సముద్రగర్భ తంతి తెగి ఉండటంతో ఆ కబురు మనీలా చేరలేదు. క్యూబాలోనూ అంతే. సాంటియాగో లొంగినప్పుడు క్యూబన్ సేనాని గార్సియా సైన్యాన్ని ఊళ్లోకి అనుమతించలేదు.

డిసెంబరు 10న పారిస్‌లో సంధి కుదిరింది. ప్యూర్టోరికో, గ్వామ్ అమెరికావయ్యాయి. ఫిలిప్పీన్స్ కోసం స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు ముట్టాయి. ఫిలిప్పీన్స్ తరఫున వెళ్లిన అగొన్సిల్యోను చర్చలకు రానివ్వలేదు. 1899 ఫిబ్రవరి 4న మళ్లీ యుద్ధం రాజుకుంది. ఈసారి ఫిలిప్పీనోల ఎదుట నిలిచింది అమెరికా. క్యూబా వ్యవహారాల్లో జోక్యం చేసుకునే హక్కును అమెరికా 1901 ప్లాట్ సవరణతో తీసుకుంది.

పాలకుడు ఓడినంత మాత్రాన ప్రజలు గెలిచినట్టు కాదు. విముక్తి పేరుతో వచ్చినవాడు సంధి వేళ వారిని పక్కన కూర్చోబెట్టుకున్నాడా లేదా అన్నదే గీటురాయి. ఇక్కడున్న విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఏ ఒప్పందం చదివినా, సంతకాలు చూశాక, ఎవరి సంతకం లేదో కూడా వెతకండి.