ఆటోమేటిక్ గేరుపెట్టెకు ఎంత వేడి క్షేమము?

(తాడేపల్లి రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పైరు పండించుట ఎంత ముఖ్యమో, పండిన సరుకును క్షేమముగా చేర్చుటయు అంతే ముఖ్యము. తాడేపల్లి నుండి గుంటూరు మిర్చి యార్డు సుమారు 30 కిలోమీటర్లే. అయినను టిక్కీల బరువుతో, వేసవి ఎండలో, బారులు తీరిన బండ్ల వెనుక నత్తనడకన పోవునపుడు ఆ కొద్ది దూరమే యంత్రమునకు పెద్ద పరీక్ష.

ఇప్పుడు మన గ్రామములలో ఆటోమేటిక్ గేరు గల కార్లు, పికప్ బండ్లు కనిపించుచున్నవి. వీనిలో క్లచ్ తొక్కు పని లేదు. చాలవాటిలో ఇంజను శక్తి టార్క్ కన్వర్టరు అను భాగములో నూనె ద్వారా గేర్లకు అందును. బరువుతో నెమ్మదిగా కదలునపుడు అందులో ఒక చక్రము వేగముగాను, రెండవది మెల్లగాను తిరుగును. ఆ తేడా వేడిగా మారును. కావున నూనెను చెరచునది ఎండ ఒక్కటే కాదు. బరువుతో కూడిన మెల్లని నడక అంతకన్న ప్రమాదము.

ఈ నూనెకు సుమారు 80 నుండి 95 డిగ్రీల సెంటిగ్రేడు వేడి సహజము. 110 దాటినచో జాగ్రత్త పడవలెను. 120 దాటిన పిమ్మట నూనె త్వరగా చెడి, లోపల జిగురు వంటి పూత పట్టును. ఇంకను పెరిగినచో రబ్బరు సీళ్లు గట్టిపడును. 150 ప్రాంతమున ప్లేట్లు మాడిపోవును. సహజపు వేడికి మించి ప్రతి 10 డిగ్రీలకు నూనె ఆయుర్దాయము సుమారు సగమగునని గుర్తుంచుకొనుడు.

మీ ఎదుట కనిపించు వేడి ముల్లు సాధారణముగా ఇంజను నీటిది, గేరు నూనెది కాదు. కావున ఈ జాగ్రత్తలు పాటింపుడు:

1. కంపెనీ చెప్పిన బరువును మించి ఎక్కించరాదు.

2. బారులో చాలసేపు ఆగవలసి వచ్చినచో న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేయుడు. ఎత్తుమీద బండిని యాక్సిలరేటరుతో నిలుపరాదు, బ్రేకు తొక్కవలెను.

3. రేడియేటరు రెక్కలలో చిక్కిన దూదిని, పొట్టును మెత్తని బ్రష్షుతో తీయుడు. అవి మూసుకొనినచో నూనె చల్లబడదు.

4. గేరు ఆలస్యముగా పడినను, ఇంజను అరచినా బండి లాగకున్నను, మాడు వాసన వచ్చినను నీడన ఆగుడు. పార్కింగులో పెట్టి ఇంజనును కొంతసేపు నడువనిండు; నూనె తిరుగుచు చల్లబడును. హెచ్చరిక దీపము ఆరకున్నచో ముందుకు పోక మెకానిక్కును పిలువుడు.

5. కంపెనీ పుస్తకములో చెప్పిన నూనెనే పోయవలెను. బరువు పనికి, వేడి ప్రాంతమునకు నూనె మార్చు గడువు తక్కువగా చెప్పియుండును, దానిని పాటింపుడు.

కొత్త నూనె చాల బండ్లలో మన మిర్చివలె ఎర్రగా ఉండును. అది గోధుమరంగు తిరిగి మాడు వాసన కొట్టినచో పాడైనదని తెలియవలెను. నూనె కొలత పుల్ల లేని బండ్లను వర్క్‌షాపులో చూపింపుడు.

ఎ.ఎం.టి. అను రకము వేరు. దానిలో టార్క్ కన్వర్టరు లేదు. మామూలు క్లచ్ ప్లేటే ఉండును. మెల్లని నడకలో వేడెక్కి అరుగునది ఆ ప్లేటు. మీ బండి ఏ రకమో ముందుగా తెలిసికొనుడు.

అతి వేడికి కల్లములో మిర్చి రంగు పోవునని మీకు తెలియును. గేరు నూనె స్వభావమును అట్టిదే. నూనె మార్పించుటకు అగు ఖర్చు స్వల్పము. గేరుపెట్టె మార్చవలసి వచ్చినచో పంట మీద మిగిలిన లాభము అందులోనే పోవచ్చును.