మురుగు బురదలో బంగారం - రైతు వేసుకోవలసిన లెక్క

పట్టణాల పక్కన సేద్యం చేసేవారు మురుగు బురదను చూసేవుంటారు. మురుగునీటిని శుద్ధి చేయగా అడుగున మిగిలేది అది. ఎండితే నల్లగా, పొడిపొడిగా, మాగిన పెంటలాగే వుంటుంది. నత్రజని, భాస్వరం అందులో వున్నమాట వాస్తవం. బంగారం కూడా వున్నదంటే మీరు నవ్వుతారేమో. కాని అదీ నిజమే.

జపాను దేశంలో నగానో రాష్ట్రం వున్నది. అక్కడ సువా అనే వూళ్ళో మురుగు బురదను కాల్చి బూడిద చేస్తారు. ఆ బూడిదలో టన్నుకు 1,890 గ్రాముల బంగారం దొరికిందని 2009లో వెల్లడైంది. అదే దేశంలో పేరుపొందిన హిషికారి బంగారు గనిలో టన్ను ఖనిజానికి వచ్చేది 20 నుంచి 40 గ్రాములు మాత్రమే. మురుగులోకి ఇంత బంగారం ఎలా వచ్చింది? ఆ వూరి చుట్టూ సున్నితమైన పరికరాలు తయారుచేసే కర్మాగారాలు చాలా వున్నాయి. వాటిలో బంగారం వాడకం వున్నది. ఆ నీళ్ళు కాలువలో కలిశాయి, కాలువలోది బురదకు చేరింది.

అన్ని వూళ్ళలోనూ ఇంత వుండదు. అమెరికా భూగర్భ పరిశోధన శాఖవారు తమ దేశపు బురదను పరీక్షించి 2015లో ఫలితాలు చెప్పారు. కిలో బురదలో సుమారు 0.4 మిల్లీగ్రాము బంగారం, 28 మిల్లీగ్రాముల వెండి, 638 మిల్లీగ్రాముల రాగి వున్నాయట. అంటే, రెండు టన్నుల బురద తెచ్చి మీ కల్లంలో పోసుకుంటే అందులో గ్రాము బంగారం కూడా వుండదు. దాన్ని బయటికి తీయాలంటే బురదను కాల్చి బూడిదను లోహాలు కరిగించే కర్మాగారానికి పంపాలి. లేదా రసాయనాల్లో నానబెట్టి లోహాన్ని విడదీయాలి. ఇది పెద్ద కర్మాగారాలు చేసే పని. ఎవరో చెప్పారని ఇంటి పెరట్లో యాసిడ్ పోసి ప్రయత్నించకండి. ఆ పొగకు ఊపిరితిత్తులు చెడతాయి, ఆ నీటికి బావి చెడుతుంది.

మరి రైతుకు దీనితో పనేమిటంటారా? వున్నది. బంగారం వచ్చిన దారినే సీసం, కాడ్మియం, నికెల్ కూడా వస్తాయి. పేడ మాగుతుంది, ఆకు కుళ్ళుతుంది. సీసం మాగదు, కుళ్ళదు. వేసిన చోటనే వుండిపోతుంది.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. మన దేశపు ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో నగర కంపోస్టుకు హద్దులు పెట్టారు. కిలోకు సీసం 100, నికెల్ 50, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించరాదు. సరిగ్గా ఆ హద్దులోనే వున్న సరుకును ఎకరానికి రెండు టన్నుల చొప్పున ఏటా వేశారనుకోండి. ఏడాదికి 200 గ్రాముల సీసం, పదేళ్ళకు రెండు కిలోల సీసం ఆ ఎకరంలో చేరుతుంది. హద్దుకు అయిదింతలు వున్న బురదైతే, రెండేళ్ళకే అంత చేరుతుంది.

దీని ఫలితం ఎలా వుంటుందో కూడా జపానులోనే చూడవచ్చు. తొయామా ప్రాంతంలో గని నుంచి వచ్చిన కాడ్మియం జింజు నదిలో కలిసి, ఆ నీరు వరిమళ్ళకు పారింది. ఆ బియ్యం తిని, ఆ నీరు తాగినవారికి ఎముకలు పెళుసై విరిగిపోయే జబ్బు వచ్చింది. దానికి కారణం కాడ్మియమేనని ప్రభుత్వం 1968లో ఒప్పుకున్నది. చెడిన పొలాల మన్ను మార్చే పని 1979లో మొదలుపెడితే 2012 దాకా, 33 ఏళ్ళు పట్టింది. పైరును చూసి పోల్చుకుందామంటే కుదరదు. పైరు పచ్చగానే వుండి, గింజలో విషం చేరవచ్చు.

అలాగని బురదంతా చెడ్డదని కాదు. జింకు, రాగి కొద్దిపాటిగా పైరుకు కావలసినవే. మన వరిమళ్ళలో జింకు లోపానికి జింకు సల్ఫేటు వేస్తూనే వున్నాం గదా. అందువల్ల బురద తెచ్చుకునేముందు ఈ నాలుగు సంగతులు చూడండి.

ఒకటి: ఆ మురుగు ఇళ్ళ నుంచి వచ్చేదా, పూతపని, బ్యాటరీల కర్మాగారాల నీళ్ళు కూడా కలిసేదా అని విచారించండి.

రెండు: లోహాల పరీక్ష కాగితం అడగండి. కాగితం లేని సరుకు వుచితంగా ఇచ్చినా పొలంలో దించవద్దు.

మూడు: పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. పచ్చిగా తినే కూరలకు రోగక్రిముల బెడద కూడా వున్నది. వీటికి బురద వేయవద్దు.

నాలుగు: ఇదివరకే వేసివుంటే మట్టిని పరీక్ష చేయించండి. పులుపు నేలల్లో కాడ్మియం పైరుకు త్వరగా ఎక్కుతుంది. అక్కడ సున్నం వేస్తే కొంత అదుపులో వుంటుంది.

వ్యవసాయోద్యోగులకు ఒక మనవి. శుద్ధి కేంద్రం నుంచి పరీక్ష కాగితం తెప్పించడం ఒంటరి రైతుకు కష్టం, మీకు సులువు. పైన వేసిన లెక్కను రైతు దగ్గర కూర్చుని వేసి చూపండి.

లోహాన్ని తీయడానికి అన్నిటికన్నా మంచి చోటు కర్మాగారపు గుమ్మమే. ఫిల్ములు కడిగే రోజుల్లో స్టూడియోల నుంచి వచ్చే వాడిన మందునీళ్ళలో వెండిని తీసి అమ్ముకునేవారు. పూతపనివారు కూడా అలాగే తమ లోహాన్ని తామే తీసుకుంటే వారికి డబ్బు మిగులుతుంది, మనకు శుభ్రమైన ఎరువు దొరుకుతుంది. అది జరిగేదాకా, కాగితం చూసిన తరువాతనే బండి దించండి.