చదువు – సమానత్వము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



గ్రామమున శిశువు జన్మించినచో ఆ తేదీని రిజిస్టరులో వ్రాయుచున్నాము. అది చిన్న పనియని మనకు తోచవచ్చును. అమెరికా దేశమున మేరీలాండ్ రాష్ట్రములో ఒక బానిస స్త్రీకి జన్మించిన ఫ్రెడరిక్ డగ్లస్‌కు మాత్రము తన పుట్టిన తేదీ జీవితాంతము తెలియలేదు. యజమాని ఆస్తి లెక్కలలో బానిసల పేర్లు కూడ నుండెడివి. ఆ లెక్కలను బట్టియే ఆతడు 1818 ఫిబ్రవరిలో జన్మించెనని తరువాతి చరిత్రకారులు నిర్ణయించిరి.

ఆనాడు అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారు లక్షలకొలది బానిసలుగా నుండిరి. వారికి చదువు నేర్పుటను పెక్కు రాష్ట్రములు నిషేధించినవి. సౌత్ కరోలినాలో 1740 నాటి చట్టము, బానిసకు వ్రాత నేర్పినవారికి 100 పౌన్ల జరిమానా విధించెను. 1830లో నార్త్ కరోలినా చదువును, వ్రాతను రెండింటిని నిషేధించి, లెక్కలు మాత్రము నేర్పవచ్చునని మినహాయింపు నిచ్చెను. ఎందుకీ భయము? బానిస బయట తిరుగవలెనన్న యజమాని వ్రాసియిచ్చిన చీటీ చేతనుండవలెను. వ్రాత వచ్చినవాడు ఆ చీటీని తానే వ్రాసికొనగలడు. అంతకంటె పెద్ద భయము మరియొకటి కలదు. చదువు వచ్చినవాడు తన స్థితికి కారణ మడుగును.

డగ్లస్‌ను ఎనిమిదేండ్ల ప్రాయమున బాల్టిమోర్ నగరమునకు పంపిరి. ఆ యింటి యిల్లాలు ఆతనికి అక్షరములు నేర్ప మొదలిడెను. భర్త అది తెలిసికొని వెంటనే మాన్పించెను. చదువు వచ్చినచో వీడు బానిసత్వమునకు పనికిరాడని ఆతని వాదము. బాలుడు ఆ మాటలు విని, తనకు విముక్తి మార్గమేదో గ్రహించెను. వీధిలోని పేద తెల్లజాతి బాలురకు రొట్టె యిచ్చి, బదులుగా వారివద్ద పాఠములు చెప్పించుకొనెను. ఓడలు కట్టుచోట దుంగలపై గుర్తుగా వ్రాసిన అక్షరములను చూచి వ్రాత నేర్చెను. పండ్రెండేండ్ల ప్రాయమున ప్రసంగముల సంపుటి యొకటి కొని చదివెను. అందు ఒక యజమానికి, బానిసకు జరిగిన సంవాదము కలదు. బానిస చెప్పిన న్యాయమునకు యజమాని సమాధానపడి వానిని విడిచిపెట్టును.

ఆ చదువు ఆతనికి మొదట సుఖము నీయలేదు. చదువు వరము కాదు, శాపమేమోయని ఆతడు వేదన పడెను. రోగమేదో తెలిసెను గాని మందు కనబడలేదు. పిమ్మట ఒక వార్తాపత్రికలో, బానిసత్వమును రద్దు చేయవలెనని ప్రజలు శాసనసభకు అర్జీలు పంపుచున్నారని చదివెను. తన దురవస్థ విధివ్రాత కాదనియు, మనుష్యులు చేసిన చట్టమనియు, దానిని మనుష్యులే మార్చగలరనియు నాడు తెలిసికొనెను. 1838లో తప్పించుకొనిపోయి, 1845లో తన కథను గ్రంథముగా వెలువరించి, 1847లో సొంత పత్రికను స్థాపించెను.

1865లో బానిసత్వము రద్దయ్యెను. 1870లో నల్లజాతి పురుషులకు ఓటుహక్కు లభించెను. అప్పుడు వివక్ష వేరొక రూపు దాల్చెను. 1890లో మిసిసిపి, 1895లో సౌత్ కరోలినా తమ రాజ్యాంగములను మార్చి, ఓటరుగా నమోదగుటకు చదువు పరీక్షను అడ్డుపెట్టినవి. పరీక్షించువాడు తెల్లజాతి అధికారి. తీర్పు ఆతని చేతిలోనిది. తాతలకు చదువును నిషేధించిన రాష్ట్రములే మనుమలను చదువు రాలేదని త్రోసివేసినవి.

దీనికి ప్రజలు చెప్పిన జవాబు మనకు ముఖ్యము. సౌత్ కరోలినా తీరమున జాన్స్ ఐలాండ్ అను దీవి కలదు. అచ్చట ఈసా జెంకిన్స్ అను నల్లజాతి నాయకుడు బస్సు నడుపుచు, ప్రయాణికులకు దారిపొడవున రాజ్యాంగ భాగములను నేర్పుచుండెను. సెప్టిమా క్లార్క్ అను ఉపాధ్యాయిని, నల్లజాతి హక్కుల సంఘ సభ్యత్వమును వదలుకొననందున 1956లో ఉద్యోగమును పోగొట్టుకొనెను. వీరి కృషితో 1957 జనవరిలో ఒక సహకార దుకాణము వెనుక గదిలో 14 మందితో రాత్రి బడి ప్రారంభమయ్యెను. పాఠము చెప్పిన బెర్నీస్ రాబిన్సన్ వృత్తిచే కేశాలంకరణ చేయునామె. ఏమి నేర్చుకొనగోరుదురని ఆమె మొదట వారినే అడిగెను. పెద్దలకు పిల్లల వాచకములు పెట్టక, వారి సంతకము, వారికి కావలసిన ఫారములు, ఓటు దరఖాస్తు నేర్పెను. ఇట్టి పౌరపాఠశాలలు దక్షిణ రాష్ట్రములంతటను వ్యాపించినవి. తుదకు 1965 నాటి ఓటుహక్కు చట్టము, వివక్షకు సాధనమైన ఆ పరీక్షలను నిలిపివేసెను.

మన దేశమునకును ఈ చరిత్రతో సంబంధము కలదు. జ్యోతిరావు ఫులే 1873లో వెలువరించిన ‘గులాంగిరీ’ని, బానిసత్వమును తొలగించుటకు కృషిచేసిన అమెరికా సజ్జనులకు అంకితము చేసెను. దూరదేశపు అన్యాయమును గూర్చి చదివినవాడు తన ఊరి కులవివక్షను మరింత స్పష్టముగ చూడగల్గెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ఓటరును చదువు వచ్చునా యని అడుగలేదు. వయోజనులందరికిని ఓటు నిచ్చెను. ఓటుకు చదువు అక్కరలేదు గాని, ఓటుతో లభించిన హక్కులను నిలుపుకొనుటకు చదువు అవసరము.

1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మన పంచాయతీలు గృహపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును వసూలు చేయుచున్నవి. ఆ పన్ను అన్ని వాడలవారును చెల్లించునది. కనుక మీరు విచారింపవలసినవి మూడు కలవు. మీ పఠనమందిరము ఏ వాడలో నున్నది? అందు కూర్చుండి పత్రిక చదువువారు ఎవరు? వచ్చుటకు సంకోచించువారు ఎవరు, ఎందులకు? చదువురాని పెద్దలకు వారమున కొన్ని రాత్రులు తరగతి నడుపుడు. వారికి కావలసిన అర్జీలు, రశీదులు, పట్టాలతోనే పాఠము మొదలిడుడు. పంచాయతీ తీర్మానములను గ్రామసభలో అందరికి వినబడునట్లు చదివింపుడు.

చదివినవారు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నలు కొన్ని మనపైననే రావచ్చును. వానికి జంకక సమాధానము చెప్పుటయే పంచాయతీకి గౌరవము.

జై హింద్!