నీళ్లున్నా వరి ఎందుకు ఎండుతుంది?

మన పామిడిముక్కల నుంచి దిగువకి, దివిసీమ వైపు వెళ్తే, ఉప్పునీరెక్కిన చేలో వరి ఎండిపోతుంది. నీళ్లున్నాయిగా, మరెందుకు?

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వేరు పొర గుండా నీరు పల్చటి ద్రావణం నుంచి చిక్కటి దాంట్లోకి పోతుంది. ఇదే ద్రవాభిసరణ. బయట ఉప్పు పెరిగితే వేరు నీళ్లు తాగలేదు. మాగాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట దిగేదీ ఇందుకే.

ఇక్కడ లెక్క కణాల సంఖ్యది. పంచదార అణువు నీళ్లలో ఒక్కటిగానే ఉంటుంది, ఉప్పు రెండు అయాన్లుగా విడిపోతుంది. అన్నే మోల్స్ కలిపినా ఉప్పు ప్రభావం దాదాపు రెట్టింపు.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమ పొలాల్లోకి సముద్రాన్నే తెచ్చింది. విరుగుడు ఏంటంటే, మంచినీళ్లు నిలగట్టి, ఉప్పు కరిగించి, మురుగుకాలవలోకి వదిలేయడం. ఆ కాలవ పూడిపోతే ఉప్పు చేలోనే ఉంటుంది. కాబట్టి పంటకాలవ ఎంతో, మురుగుకాలవా అంతే. డౌట్లుంటే అడగండి, ఉంటాను.