విప్పి చూడదగిన ఆటపెట్టె

మన గోదావరి మండలములందలి పాతకోవెలల మంటపములలో, రాతిపలకలమీద ఉలితో చెక్కిన గీతలు కొన్ని యప్పుడప్పుడు కానవచ్చుచుండును. అవి శాసనములు కావు, పులిజూదపు పటములు. మూడు పులులు, పదునైదు మేకలు, ఇరువదిమూడు స్థానములు. ఈ పటమును మొదట గీచిన వారెవరో యెవరికిని తెలియదు. దానిని గీయుట కెవరి యనుజ్ఞయు నక్కరలేదు. బొగ్గుముక్క యొకటి యున్న నరుగుమీదనే గీచికొనవచ్చును. వామనగుంటల పీట లేని యింట నేలమీద పదునాలుగు గుంటలు చేసి చింతపిక్కలతో నాడుదురు. ఆట యెట్లు నడచునో ఆడువారి కంతయు తెలిసియే యుండును. నియమ మొకటి నచ్చకున్న మార్చుకొందురు.

ఇట్లారంభించి నేను చెప్పబోవునది టెలివిజనుకు తగిలించి యాడుకొను ఆటపెట్టెలను గూర్చి. వ్యాకరణము చెప్పుకొని బ్రతికినవానికి ఈ పెట్టెలతో పనియేమని మిత్రులు నవ్వుచునే యున్నారు. ఆ పని కల్పించినవాడు పదునాలుగేండ్ల మా దౌహిత్రుడు.

ఆటపెట్టె మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. జపానుదేశమున నింటెండో కంపెనీవారు 1983లో ఫామికాము అను పెట్టెను వెలువరించిరి. దాని ననుకరించి చేసిన చౌకపెట్టెలు 1990 తరువాత మన పట్టణముల బజారులకు వచ్చినవి. ఆటలుండు అట్టలను మనవారు క్యాసెట్లనిరి. ఒక్క క్యాసెట్టులో వేయి యాటలున్నవని పైన అచ్చువేయుదురు. లోన చూడగా పది పదునైదింటినే మార్చి మార్చి చూపుచుండును. అయినను వానిని హేళనచేయ నాకు మనసొప్పదు. డెరెక్ లోమాస్ మొదలగువారు ఇట్టి పెట్టెలు భారతదేశపు విపణులలో మిక్కిలి చౌకగా దొరకుట గమనించి, వానితో పిల్లలకు చదువునేర్పు ఆటలు చేయవచ్చునని 2008లో ప్లేపవర్ అను ప్రయత్న మారంభించిరి. కంప్యూటరు లేని యింటను టెలివిజను కలదు కదా యని వారి యుక్తి.

ఆ 1990ల నాటి మాట. నాయొద్ద ఎనిమిదవ తరగతి చదువుచుండిన బాలుడొకడు అట్టి పెట్టెను బడికి తెచ్చి, వెనుకబల్లపై పెట్టి, మరలు విప్పి లోపల చూచుచుండెను. నేను సంధులు చెప్పుచుంటిని. పెట్టెను, స్క్రూడ్రైవరును లాగికొని, మరునాడు వాని తండ్రిని పిలిపించి యప్పగించితిని. పెట్టె మరల పనిచేయలేదట. ఒరే, లోపల నేమి చూచితివని నేను వాని నడుగలేదు. ముప్పదియేండ్లు పాఠములు చెప్పినవాడను, పలుమారు కోపించితిని, కొట్టితిని. వానిలో పెక్కు మరచితిని గాని, ఆ యడుగని ప్రశ్న మాత్రము మరపునకు రాలేదు.

వాడిప్పుడు ఈ రాజమహేంద్రవరముననే టీవీలు బాగుచేయు దుకాణము నడుపుచున్నాడు. ఆ ప్రశ్నను మొన్నమొన్ననే యడిగితిని. "ఏముంది మాస్టారూ, నల్లటి ముద్ద" అనెను. ఆ చౌకపెట్టెలలో చిప్పును పలకపై నంటించి, పైన నల్లని జిగురు పోసి గట్టిపరతురట. క్రింద నేమున్నదో పేరైనను కనబడదు. విప్పినవానికి దక్కునది ఆ ముద్దయే. తన వృత్తియు నట్లే యైనదని వాడు చెప్పినాడు: పూర్వము టీవీలో చెడిన భాగమును వెదకి మార్చెడివాడు, నేడు పలక నంతను పారవైచి క్రొత్తది వేయవలసివచ్చుచున్నది, పలక ధర విన్నవారు క్రొత్త టీవీయే కొందురు.

మా దౌహిత్రుడు పట్టుకొని వచ్చిన పెట్టె యిందులకు పూర్తిగా విరుద్ధమైనది. పేరు ఉజెబాక్సు. కెనడాదేశీయుడగు అలెక్ బూర్క్ అను నతడు 2008లో దీనిని లోకమునకు విడిచెను. ఇందలి ముఖ్యమైన చిప్పులు రెండే. ఒకటి ఏటీమెగా 644 అను మైక్రోకంట్రోలరు. రెండవది ఏడీ 725. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడువన్నెల సంకేతములను టెలివిజనుకు తగిన యొక్క సంకేతముగా కూర్చునది. చేతబట్టు మీటలపెట్టె పాత సూపర్ నింటెండోది. ప్రోగ్రాము నిలుచుటకు 64 కిలోబైట్లు. ఆట నడచునపుడు లెక్కలు వ్రాసికొనుటకు 4,096 బైట్లు, అంతే. ఫోనులో తీసిన చిన్న బొమ్మయు నందు పట్టదు.

ఇంత చిన్నచిప్పు టెలివిజనుమీద బొమ్మ నెట్లు చూపును? ఇందలి రుచి యంతయు నిక్కడనే యున్నది. ఇతర పెట్టెలలో బొమ్మ గీయుటకు వేరొక చిప్పుండును. ఇందులో నది లేదు. ఆట నడపు చిప్పే బొమ్మయు గీయవలెను. టెలివిజను తెరమీది బొమ్మ సెకనుకు ఇంచుమించు 60 మారులు, మారునకు 262 గీతలుగా నేర్పడుచుండును. అమెరికా టెలివిజను పద్ధతిలో రంగు తెలుపు తరంగము 3.579545 మెగాహెర్ట్జులది. దాని కెనిమిదింతలు, అనగా 28.63636 మెగాహెర్ట్జులతో ఈ చిప్పును నడపుదురు. లెక్కవేసిన నొక్కొక్క గీతకు సరిగా 1,820 అడుగులు వచ్చును. ఆ యడుగులలోనే యా గీతలోని చుక్కల రంగు లన్నియు తెరకు పంపవలెను. ఒక్క యడుగు హెచ్చినను తగ్గినను గీత ప్రక్కకు జరిగి బొమ్మ వంకరపోవును. 224 గీతలు బొమ్మకు పోగా, మిగిలిన 38 గీతల వ్యవధిలో పులి యెటు దుమికినది, ఎవరు గెలిచిరి అను విచారమంతయు ముగియవలెను. ఈ సంగతి విన్నపుడు నాకు వృత్తపద్యము జ్ఞప్తికి వచ్చినది. గణములలో నొక్క గురువు లఘువైన పద్యము కుంటుపడును గదా. మరొక చిత్రము: ఆ చిప్పును చేసినవారు దానికి 20 మెగాహెర్ట్జులే హద్దని చెప్పినారు. హద్దుదాటి నడపుట న్యాయమా యని నేనడిగితిని. నడచుచున్నది కదా యని మనుమని సమాధానము.

పెట్టె పటము, భాగముల పట్టిక, చిప్పు నడచు ప్రోగ్రాము మూలపాఠము, అన్నియు నెవరైనను తీసికొని చదువవచ్చును. వాని ననుగ్రహించు పత్రము జి.పి.ఎల్. అనునది; అమెరికా దేశస్థుడు రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో దీని మొదటిరూపమును వెలువరించెను. అందలి నియమము సులభము: తీసికొనుము, మార్చుము, ఇతరులకిమ్ము, నీవు మార్చినదాని నిచ్చునపుడు దాని మూలపాఠమును గూడ దాచక యిమ్ము. తాటాకులపై పరులు వ్రాసిన గ్రంథమునకు ప్రతి వ్రాసికొని, అంచున టీక చేర్చి శిష్యులకిచ్చిన కులమున పుట్టినవారికి ఇది క్రొత్త ధర్మము కాదు. నన్నయభట్టు పదునొకండవ శతాబ్దమున ఈ రాజమహేంద్రవరమున భారతము నారంభించి అరణ్యపర్వము నడుమ విడిచిపోయెను. రెండు శతాబ్దములకు నెల్లూరిసీమ తిక్కన విరాటపర్వము మొదలు కడవరకు నడపెను. అటుపిమ్మట ఎఱ్ఱన వచ్చి నడుమ కొరతను పూరించెను. మూలము మూతపెట్టి యుంచినచో మనకు భారతము రెండున్నర పర్వములే.

పెట్టెను చేర్చుటకు మాకు పట్టిన ద్రవ్యము మూడువేల రూపాయల లోపే. పెద్ద కంపెనీల ఆటపెట్టెలు అరలక్ష చుట్టును తిరుగుచుండగా ఇది చౌకయే. ఆ మాత్రమును పెట్టలేని వారికొక మార్గము కలదు: ఉజెమ్ అను ప్రోగ్రామును ఉచితముగా తెచ్చుకొని, కంప్యూటరులోనే ఈ పెట్టెను నటింపజేసి ఆటలు వ్రాసికొనవచ్చును. సోల్డరింగు మాత్రము నా పూర్వశిష్యుని దుకాణముననే జరిగినది. వానియొద్ద నెవరును తీసికొనిపోని పాత టీవీలు గుట్టగా పడియున్నవి. మన దేశపు టెలివిజను పద్ధతి పాల్. ఈ పెట్టెది అమెరికావారి ఎన్.టి.ఎస్.సి. అందుచే మొదటి టీవీలో బొమ్మ నలుపు తెలుపులుగా వచ్చినది, రెండవదానిలో దొరలినది, మూడవది రెండు పద్ధతులును తెలిసినదగుటచే రంగులు చూపినది. రంగులు కనబడినపుడు ఆ దుకాణమున కేకపెట్టినవాడు మా మనుమడు కాడు.

వాడు వ్రాయదలచిన ఆట వామనగుంటలు. ముందుగా తెలుగక్షరముల చిక్కు వచ్చినది. ఈ పెట్టెలో నొక పద్ధతిన తెరను అడ్డముగా 30, నిలువుగా 28 గళ్లుగా విభజింతురు. గడికి ఎనిమిదేసి చుక్కలు. ఇంగ్లీషు అక్షర మొక్క గడిలో నొదుగును. మన తలకట్టులు, వట్రుసుడులు, ఒత్తులు ఒదుగునా? నాలుగు గళ్లు కలిపి యొక యక్షరము గీచితిమి. ఒత్తు వచ్చినచోట మరి రెండు. గడికి 64 బైట్లు, అక్షరమునకు 256. ఆ లెక్కను పెట్టెలోని చోటంతయు 256 అక్షరములకే సరి, ఆటకు చోటులేదు. గుణింతము లన్నియు నెక్కించుట కల్ల. కావున ఆటకు కావలసిన ఇరువదికి పైచిలుకు అక్షరములనే గళ్లకాగితముమీద నేను గీచితిని. వరండాలో కూర్చుండి "గుం" అను దానిని ఏడుమారులు గీచితిని.

పిమ్మట నియమముల చిక్కు. మా యింట గుంటకు నాలుగేసి గింజలు. మా గృహిణి పుట్టినిల్లు కోనసీమ. అచ్చట ఐదేసి, పైగా ఆట నడుమ ఏ గుంటలోనైన నాలుగు పోగైనచో ఆ గుంటవారు వెంటనే తీసికొనవలెనట. "తాతయ్యా, నీ పద్ధతి రాయనా, అమ్మమ్మ పద్ధతి రాయనా?" అని వాడడిగెను. సంప్రదాయము గలదని నేనును, తమదే అసలుదని యామెయు. వాడు రెంటిని వ్రాసి, మొదట నొక మీట నొక్కి కోరుకొన నేర్పరచినాడు.

ఆడి చూచునపుడు మా యావిడ వానిని పట్టినది. "ఏరా, దొంగాటా? నువ్వు ఏమీ తీయకుండానే నీ కుప్ప పెరిగింది. గుంటల్లో ఒక గింజ తగ్గింది" అనినది. ప్రమాణముచేసినను నమ్మదు. మొత్త మెంచగా గుంటలలో నొకటి తక్కువ, వాని కుప్పలో నొకటి యెక్కువ. రెండుదినములు వెదకినాడు. కంప్యూటరు గుంటలను సున్నతో మొదలిడి పదుమూడువరకు లెక్కించును. వీడు చుట్టు తిరుగుచోట పదునాలుగువరకు పోనిచ్చినాడు. లేని పదునైదవ గుంటలో పడిన గింజ, మెమరీలో దాని ప్రక్కనున్న చోటికి పోయినది. ఆ చోటున నున్నది వాని కుప్ప లెక్క. ఉన్నది 4,096 చోట్లే కావున దారితప్పిన గింజను వెదకి పట్టగలిగినాడు. నా ఫోనులో నిట్టి తప్పిద మున్న నెవరు పట్టగలరు? పట్టినను దిద్ద నెవరు నిత్తురు?

లోపములను దాచను. ఈ పెట్టెలోని యాటలు మోటువి; ఫోనులోని యాటలకు మరగిన పిల్లలు పదినిమిషములలో విసుగుదురు, మా రెండవ మనుమరాలు విసిగినది. భాగములు మన యూర దొరకవు, తెప్పించుకొనవలెను. అన్నిటికంటె పెద్దకొరత, దీనిని చేర్చు విధమంతయు నింగ్లీషున నుండుట. ఇంగ్లీషు రాని బడిపిల్లవానికి మూలపాఠము తెరచియున్నను మూసియున్నట్లే. అందుచే మనుమడు చెప్పగా నేను తెలుగున వ్రాయుచున్నాను. మూడవ ప్రకరణమున నిలిచిపోయినాము. చేయుచున్న పనిని నడుమ నాపించి, చిప్పును వేరుపనికి పిలుచుటకు ఇంటరప్టు అని పేరు. అంతరాయమని వ్రాసిన చెడుగని తోచును. అది చెడుగు కాదు, దానివలననే బొమ్మ నిలుచుచున్నది. పిలుపు అని నేనంటిని. ఇంటరప్టు అనియే యుంచుమని వాడు. దుకాణమునకు పోయి నా శిష్యు నడిగిన, తమ వృత్తిలోను నా మాటయే వాడుదురని చెప్పి, చేతిలోని పలకను వెలుతురునకు త్రిప్పి చూచుకొనుచు కూర్చుండెను. రేపు మరల పోవలెను.