యాత్రికునికి మన విస్తరి

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు నన్ను మాట్లాడుమని కోరిన విషయము ఇటలీ దేశపు ప్రాంతీయ భోజనములు. బీదరులో పప్పుధాన్యముల వ్యాపారము చేయువానికి ఇటలీతో ఏమి పని యని మీరనవచ్చును. పని గలదు.

ఆ దేశము 1861లో గాని ఒక రాజ్యముగా ఏర్పడలేదు. అంతకు పూర్వము పలు సంస్థానములుగా నుండెను. కావున వంటలును సీమకొక తీరుగ నిలిచినవి. ఉత్తరమున వెన్న, వరియన్నము, మన సంకటివలె మొక్కజొన్నపిండితో వండు పొలెంటా. దక్షిణమున ఆలివునూనె, గోధుమరవ్వతో చేసిన పాస్తా. ద్రాక్షాసవముల పేర్లు సైతము ఊళ్ల పేర్లే. బరోలో యొక గ్రామము, మార్సాలా యొక రేవుపట్టణము, కియాంటి యొక కొండసీమ. యాత్రికుడు సీసామీది పేరు చదివి ఆ ఊరు వెదకుకొనుచు పోవును. బొలోన్యా గృహస్థు నేపుల్సు వంటను తనదని అతిథికి వడ్డింపడు.

మరి మనమేమి చేయుచున్నాము? కోటను, 1472 నాటి మహమూద్ గవాన్ మదరసాను చూడగోరియు, నానక్ ఝీరా, నరసింహ ఝరణులను సేవింపగోరియు బంధుమిత్రులు మన యిండ్లకు వచ్చుచున్నారు. తెలుగువారమని చూపుకొనుటకై మనలో పెక్కుమంది హోటలునుండి గుంటూరు కారపు కూరలు తెప్పించుచున్నారు. గుంటూరు వంట రుచికరమే. కాని అది మన అవ్వల వంట కాదు.

మన వంట యేది? జొన్నరొట్టె, గుత్తివంకాయ, పల్లీల పొడి, పుంటికూర పప్పు. మనము పుంటికూర యన్నదానిని కన్నడ సోదరులు పుండి యందురు. మన పోలె వారి హోళిగె. 1956 నవంబరు 1న బీదరు జిల్లాను మూడు రాష్ట్రములకు పంచిరి. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ఉద్గీరు మరాఠీ సీమలో చేరినది. మనము మైసూరు రాష్ట్రమున నిలిచితిమి. కాగితముపై గీత పడెను గాని పెనములు వేరుపడలేదు.

రష్యాలోని త్వేర్ పట్టణపు వర్తకుడు అఫనాసి నికితిన్ 15వ శతాబ్దమున ఈ బీదరునకు వచ్చెను. అతడు సుల్తాను వైభవమును వర్ణించి యూరకుండలేదు. ఇచ్చటి హిందువులు వెన్నతో కిచిడీయు ఆకుకూరలును తిందురనియు, మద్యము త్రాగరనియు, ప్రయాణమున ఎవరి వంటపాత్ర వారే మోసికొందురనియు వ్రాసెను. రేపు వచ్చు యాత్రికుడు మన విస్తరిని చూచి ఏమి వ్రాయును?

జొన్నరొట్టె పేదల తిండి యని కొందరు సిగ్గుపడుదురు. పొలెంటాయు ఒకనాడు పేదరైతుల తిండియే. నేడు దానిని కోరి యాత్రికులు పోవుచున్నారు. అయితే ఒక హెచ్చరిక. పొలెంటా తప్ప వేరెరుగని ఆ రైతులకు పెలాగ్రా యను వ్యాధి సోకెను. ఒట్టి జొన్నలతో బ్రదికిన దక్కను పేదలయందును అది కానవచ్చెను. కావున రొట్టె ప్రక్కన పప్పును ఆకుకూరయు ఉండి తీరవలెను.

వ్యాపారిగా ఒక మాట. సరకునకు పుట్టిన యూరి పేరును కాపాడు చట్టము మన దేశమున 1999లో వచ్చెను. కలబురగి కందిపప్పు 2019లోను, తాండూరు కంది 2022లోను ఆ గుర్తింపు పొందినవి. రెండును మన పొరుగువే. పేరు నిలుపుకొనిన పంటకు బజారున మర్యాద గలదు. వంటకును అంతే.

నేను కోరునవి మూడు. అతిథికి మొదటి విస్తరిలో మన జొన్నరొట్టె వడ్డింపుడు. ఇంటి పెద్దలు చెప్పిన వంటల పేర్లు, కొలతలు తెలుగున వ్రాసి మన పత్రికకు పంపుడు, వారమునకొకటి ప్రకటింతము. ఎళ్ల అమావాస్యనాడు చేలలో కూడి తిను భజ్జికిని, అంబలికిని ఊరికి వచ్చిన యాత్రికులను పిలువుడు. పిల్లలచేతనే వడ్డింపించి, ప్రతి వంట పేరును వారిచేతనే తెలుగున చెప్పింపుడు. బడిలో తెలుగు చదువు దొరకని బిడ్డకు వంటయిల్లే మొదటి బడి. ఆ బడియు మూతపడినచో మన యిండ్లలో తెలుగు నిలుచుట కష్టము.