పని నేర్పే కర్మాగారాలు – మన పిల్లలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బొల్లారం వాసులకు పరిశ్రమల గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఈ పారిశ్రామిక వాడ చుట్టూ పటాన్‌చెరు, పాశమైలారం, రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. ఉన్నాయి. అయితే ఐ.టి.ఐ.లోనో, ఇంటర్ వొకేషనల్‌లోనో చదివే మన పిల్లల్లో ఎందరు ఆ గేట్లు దాటి యంత్రం మీద చెయ్యి వేయగలుగుతున్నారు? ఈనాడు మేము మాట్లాడదలచింది దీని గురించే.

పిల్లలకు పని నేర్పడం ఏదో దానధర్మమని కొందరు యజమానులు తలుస్తారు. కాదని మన ప్రాంత చరిత్రే చెబుతుంది. 1960వ దశకంలో ప్రభుత్వం బాలానగర్ దగ్గర ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం నెలకొల్పింది. డాక్టర్ కల్లం అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసి, అనుభవం గడించి, బయటికి వచ్చి సొంత పరిశ్రమలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు. దాని యూనిట్లు మన బొల్లారంలోనూ వెలిశాయి. ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చినవారు మరెందరో హైదరాబాదు చుట్టూ మందుల పరిశ్రమకు పునాది వేశారు. ఆ కర్మాగారంలో తర్వాత ఉత్పత్తి ఆగిపోయింది గాని, అది నేర్పిన పని మాత్రం ఆగలేదు.

మనవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మెకానిక్ షెడ్డులో, వెల్డింగు దుకాణంలో ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరి, మొదట పానాలు అందిస్తూ, తర్వాత ఇంజను విప్పి బిగించే దాకా ఎదిగినవారు మన ఇళ్లలో ఎంతమంది లేరు! వారి చేతిలో పని ఉంది, కాగితం లేదు. ఐ.టి.ఐ. పాసైన పిల్లవాని దగ్గర కాగితం ఉంది, చేతిలో పని చాలదు. ఈ రెండింటినీ ఒకచోట కలపడమే అప్రెంటిస్‌షిప్.

దీనికి 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో నూటికి 2.5 నుండి 15 వంతుల దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురున్న చిన్న వర్క్‌షాపు కూడా ఇష్టముంటే తీసుకోవచ్చు. 2016లో మొదలైన జాతీయ పథకంలో స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరించే ఏర్పాటు చేశారు. కనుక భారమంతా యజమాని మీదే పడుతుందనడం సబబు కాదు.

ఇక మాకున్న బాధ కూడా దాచకుండా చెప్పాలి. మేము పంపిన పిల్లవాడొకడిని, సంస్థ పేరు ఇక్కడ అనవసరం, నెలల తరబడి డ్రమ్ములు దొర్లించడానికీ, ఫ్లోరు కడగడానికీ వాడుకున్నారు. రియాక్టర్ దగ్గరికి రానివ్వలేదు. తిరిగి వచ్చాక వాడు, “చాచా, అక్కడ నేను కూలీనే గదా, స్టూడెంట్‌ను ఎక్కడ?” అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. చట్టం అప్రెంటిస్‌ను శిక్షణ పొందేవాడనే అంటున్నది, కార్మికుడని అనడం లేదు. అటువంటప్పుడు శిక్షణే లేకపోతే ఇక మిగిలేదేమిటి?

ప్రాణం సంగతి అన్నిటికన్నా ముఖ్యం. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. ఆ రోజు నుండి ఈ వాడలో ఏ తల్లి నిశ్చింతగా కొడుకును గేటు లోపలికి పంపగలదు? ప్రమాదకర పరిశ్రమలకు చెందిన ట్రేడుల్లో 18 ఏళ్లు నిండనివారిని చేర్చుకోరాదు. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేనిదే ఓవర్‌టైము చేయించరాదు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత యజమానిదే. ఇవన్నీ చట్టంలోనివే, మేము కొత్తగా అడిగేవి కావు.

అందుచేత యజమానులకు మా మనవి మూడే మూడు. చేరిన ప్రతి పిల్లవానికీ ఒక ఉస్తాద్‌ను పేరు పెట్టి అప్పగించండి. యంత్రం ముట్టుకోకముందే ఆ ప్లాంటులోని ప్రమాదాలు, బయటపడే దారులు వానికి తెలిసిన భాషలో, తెలుగులోనో ఉర్దూలోనో, చెప్పించండి. ఈ వారం ఏమి నేర్చాడో ఒక డైరీలో రాయించి, ఉస్తాద్ చేత సంతకం పెట్టించండి. ఆడపిల్లలు చేరితే మరుగుదొడ్డి, ఇంటికి చేరే బస్సు కూడా చూడండి. అవి లేకనే చాలామంది చదువు అయ్యాక ఇంట్లో కూర్చుంటున్నారు.

తల్లిదండ్రులకు ఒక మాట. స్టైపెండు తక్కువని, బయట ఆటో నడిపితే ఎక్కువ వస్తుందని మధ్యలో మాన్పించకండి. గడువు పూర్తిచేసి, పరీక్ష పాసైతేనే జాతీయ సర్టిఫికెట్ వస్తుంది. ఆ సర్టిఫికెట్‌కు దేశంలో ఎక్కడికి పోయినా విలువ ఉంటుంది.

షెడ్లు, వర్క్‌షాపులు నడిపే మన సోదరులు ముందుగా ఒక్కొక్కరు ఒక్క విద్యార్థిని తీసుకోవాలని కోరుతున్నాము. మన గడప దగ్గర మొదలుపెట్టిన తర్వాతనే పెద్ద గేట్ల దగ్గరికి పోయి అడిగే హక్కు మనకు వస్తుంది.